మూత బిగించకు

వ్లస్తిమిల్ దాన్ని తెచ్చి నా సారె పక్కన పెట్టాడు,
చేతిరుమాల్లో చుట్టి,
గూట్లోంచి జారిన పిట్టపిల్లను తెచ్చినట్టు.
"చూడు, ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు."

నిన్న సాయంత్రం గ్లైడర్
మంచు వదలని దుక్కిచేలో ముక్కు గుచ్చుకుని కూలింది.
బాల్సా రెక్క రెండు చోట్ల విరిగింది.
బ్యాటరీ మాత్రం రాత్రంతా కారు డిక్కీలో,
మొరావియా మార్చి చలిలో.

ముప్పై తొమ్మిదేళ్లు ఓలొమొవ్త్స్‌లో ట్రామ్ నడిపిన మనిషి.
బ్రేకు మాట వింటాడు, గంట మాట వింటాడు.
నా మాటే వినడు.

బొటనవేలితో నొక్కి చూశాను.
మూడు గదుల్లో నడిమిది మెత్తగా ఉంది,
పులిసిన పిండిలా లోపల్నుంచి తోస్తోంది.
మీటరు పెట్టాను:
మూడు పాయింట్ ఎనిమిది,
మూడు పాయింట్ ఒకటి,
మూడు పాయింట్ ఎనిమిది.
"నడిమివాడు అలిగాడు" అన్నాడు.
"ఛార్జింగ్ పెడితే వాడే దారికొస్తాడు."

అలక కాదు వ్లస్తా.
గడ్డకట్టిన ఒంట్లోకి కరెంటు తోస్తే
లోపల సన్నటి లోహపు మీసాలు మొలుస్తాయి.
పొరను పొడుచుకుంటూ పోతాయి.
పైకి గీత పడదు.

ఇరవై ఆరేళ్లుగా నిప్పుతో నా కాపురం.
నా ఆవంలో మంట పిలిస్తే వస్తుంది,
పన్నెండు వందల డిగ్రీల మెట్టు మీద కాసేపు కూర్చుని
కుండలకు మెరుగు పూసి, మెల్లగా దిగిపోతుంది.
ఇదేమో పిలవని పేరంటం.
త్స్తిబోర్ షెడ్డుకు అలాగే వచ్చింది.
బల్ల మీద ఛార్జర్ వదిలి
"సూప్ తాగి వస్తా" అని వెళ్లాడు పాపం.
గిన్నె ఖాళీ అయ్యేలోపు పదకొండు విమానాలు.
మిగిలిన స్క్రూలను ఊరగాయ సీసాలో దాచుకున్నాడు.
ఎందుకని మేమెవరం అడగలేదు.

చివరికి ఒప్పందం:
ఛార్జింగ్ లేదు, పారేయడమూ లేదు, ఇవాళ్టికి.
పగులు తేలిన నా పెద్ద కుండలో ఇసుక పోసి,
దాన్ని పడుకోబెట్టి,
పొగ పోయేందుకు బెజ్జం ఉన్న మూత వదులుగా పెట్టి,
గోడకు దూరంగా, పెరటి నడిమిలో ఉంచాం.
కిటికీ వెనక కూర్చున్నాం,
జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నట్టు.
కాఫీ చల్లారింది. ఇంకోసారి కాచాను. అదీ చల్లారింది.

మూడో గంటలో,
అతను తోక జిగురు గురించి ఏదో చెబుతూ ఉండగా,
చీకట్లో ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి పీల్చిన చప్పుడు.
తలుపు తీసి పరుగెత్తబోయాడు.
కాలరు పట్టి వెనక్కి లాగాను.
గోళ్ల రంగులాంటి తీపి వాసన,
ఆ వెంటనే బెజ్జంలోంచి గజం ఎత్తు మంట,
తెల్లగా, కోపంగా.
మూత ఒక్కసారి ఎగిరి
మళ్లీ తన చోటే కూర్చుంది.

రెండు నిమిషాలు ఉంటుందేమో.
తర్వాత మంచు మీద ఒక నల్లటి వలయం,
ఎక్కడో ఒక కుక్క.

వ్లస్తిమిల్ చాలాసేపు మాట్లాడలేదు.
ట్రామ్ కింద ఏదో పడ్డట్టు వినిపించిన రాత్రి
ఇలాగే ఉండేవాడేమో.
ఆఖరికి, నా వైపు చూడకుండా:
"మంచం కింద ఇంకో నాలుగున్నాయి.
బోహుమిల ఈపాటికి నిద్రపోయి ఉంటుంది."

కోటు వేసుకోవడం కూడా మరిచాం.
రాత్రి పదకొండున్నరకి ఇద్దరు ముసలివాళ్లం
జారే వీధిలో ఒకరి మోచేయి ఒకరం పట్టుకుని,
నేను చంకలో ఖాళీ కుండతో.

తలుపు తీసిన బోహుమిల
ముందు కుండను చూసింది, తర్వాత మమ్మల్ని,
ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లి
మంచం కింద నుంచి బూట్ల పెట్టె ఈడ్చుకొచ్చింది.
దాని మూతకు టేపు వేసి ఉంది,
నాలుగు వైపులా, ఎంతో శ్రద్ధగా.

మర్నాడు సారె మీద నాలుగు కుండలు లేపాను.
ఆరి, కాలి బయటికొచ్చాక
అతను ఒక్కోదాన్నీ కదిపి చూశాడు.
"మూత సరిగ్గా కూర్చోవట్లేదు" అన్నాడు.

కూర్చోదు, వ్లస్తా.
నువ్వు కూర్చో, దాని పక్కన.